మోగని రెండో అలారం

మా వదిన గురించి నేను చెప్పేవాటిలో సగం తగ్గించి నమ్మమని మా అన్న అందరికీ ముందే చెప్పి పెడతాడు. సగం తగ్గించాక మిగిలేది కూడా మీ ఇళ్ళల్లో ఎవరికీ ఉండదని నేనంటాను. నేను చదువు మధ్యలో మానేసినవాణ్ణి. చదువే నన్ను మానేసి బతికిపోయిందని వదిన అంటుంది. ఏదైతేనేం, పెద్దాసుపత్రి గేటుకి ఎదురుగా ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. ఐసీయూలోకీ, కంప్యూటర్ల గదిలోకీ ఫోన్లు తీసుకెళ్ళకూడదు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళంతా పొద్దున్నే వచ్చి నా దగ్గరే పెట్టి వెళ్తారు. అంటే ఆ ఆసుపత్రి గుట్టంతా నా డబ్బాలో ఉండేదన్నమాట. నేనొక్క రోజు కొట్టు తియ్యకపోతే ఆపరేషన్లు ఆగిపోతాయని చెబితే మా అన్న నవ్వడు కూడా. లిఫ్టులు బాగుచేసేవాడు, నవ్వినా తాడు తెగుతుందన్నట్టుంటాడు.

వదిన పనిచేసేది ఆ కంప్యూటర్ల గదిలో. కిటికీ లేదు. బయటి ప్రపంచంతో దానికి ఒక్క తీగ కూడా కలవదు. చలి ఎంతంటే, ఈగ దూరినా ముందు స్వెట్టర్ అడుగుతుంది. ఐసీయూలో ప్రతి మంచం పక్కనా ఉన్న మెషిన్లు ఏం చెబుతున్నాయో వింటూ, ఎక్కడ తేడా వచ్చినా నర్సుల బల్ల దగ్గర అలారం మోగించే సర్వర్ అక్కడే ఉంటుంది. ఎవడో దుర్మార్గుడు బయటినుంచి దూరి దాని గొంతు నొక్కకూడదని అలా ఒంటరిగా పెట్టారు.

ఆ గదికి ఒక మడి ఉంది. వండిన సరుకు లోపలికి రానివ్వరు. వండినదాంట్లో ఎవడేం కలిపాడో ఎవరు చూశారు? కాబట్టి ఏ ప్రోగ్రాం కావాలన్నా పచ్చి సరుకే, అంటే మనిషి చదవగలిగే సోర్స్ కోడ్, డిస్క్ మీద తేవాలి. గుమ్మం దగ్గర అద్దాల గదిలో కూర్చునే తాళాలాయన దాన్ని పరీక్ష చేసి లోపలికి పంపుతాడు. అక్కడ వదిన దాన్ని వండుతుంది. బిల్డ్ చెయ్యడం అంటారు. ఒకటి వండాలంటే ఇంకొకటి కావాలి, దానికి మరొకటి. సగంలో ఉప్పు లేదని తెలిస్తే పక్కింటికి పరిగెత్తడానికి పక్కిల్లు లేదు. బయటికొచ్చి, తెచ్చుకుని, మళ్ళీ పరీక్ష చేయించుకుని వెళ్ళాలి.

రెండో మడి ఇంకా చిత్రం. లోపలినుంచి ఏదీ బయటికి రాకూడదు. చిన్న కాగితం ముక్క కూడా. అందుకని లోపల ఏ ముక్క తక్కువైందో దాని పేరూ నంబరూ వదిన నోట్లో పెట్టుకుని బయటికొచ్చేది. సాయంత్రం నా బండి వెనక కూర్చుని ఇల్లు చేరేదాకా జపం. పలకరిస్తే మర్చిపోతుందని నేను కూడా నోరు మూసుకునేవాణ్ణి. నేను నోరు మూసుకోవడం లోకంలో ఎనిమిదో వింత, దాన్ని రోజూ ఉచితంగా చూసిన మనిషి మా వదిన. పెళ్ళయిన కొత్తలో ఆ పేర్లు విని మా అన్న, "వీళ్ళంతా మీ తరఫు చుట్టాలా?" అని అడిగాడట.

"చుట్టాలే," అందట వదిన. "ఒకళ్ళు రాకపోతే రెండోవాళ్ళు రామంటారు."

అలాంటి మనిషికి వచ్చింది కష్టం.

ఆ అలారం ప్రోగ్రాంలో ఒక లోపం ఉందని దాన్ని రాసిన కంపెనీవాళ్ళే కబురు పంపారు. ఒకే మంచం దగ్గర రెండు మెషిన్లు ఒకే క్షణంలో అరిస్తే ఒక అలారమే మోగుతుంది, రెండోదాన్ని ప్రోగ్రాం మింగేస్తుంది. సరిదిద్దిన సోర్స్ కూడా పంపారు. వదిన దాన్ని లోపలికి తీసుకెళ్ళి, బిల్డ్ చేసి, సర్వర్‌లో ఎక్కించి, పని పూర్తయిందని సంతకం పెట్టింది. అప్పటినుంచి అందరూ ఆ లోపం పోయిందనే అనుకున్నారు.

కొన్నాళ్ళకి బడి బస్సు నడిపే ఒకాయన ఆపరేషన్ అయ్యి ఐసీయూలో పడుకున్నాడు. ఆయన వేలికి ఆక్సిజన్ క్లిప్పు, చేతికి మందు ఎక్కించే పంపు. క్లిప్పు జారిందని అలారం మోగింది. అక్కడ డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ వెళ్ళి క్లిప్పు సరిచేసి, ఇంకో మంచం దగ్గర పిలిస్తే అటు వెళ్ళింది. క్లిప్పు జారిన ఆ క్షణంలోనే పంపులో మందు కూడా అయిపోయింది. దాని అలారం మోగలేదు. ఆయన రక్తపోటు పడిపోయింది. చూసేసరికి ఆలస్యమైంది. ప్రాణం దక్కింది కానీ కుడి చెయ్యి మునుపటిలా లేవదన్నారు.

ఆసుపత్రివాళ్ళు వెంటనే పెద్ద సిస్టర్‌ని డ్యూటీకి రావద్దన్నారు. అలారం మోగితే పట్టించుకోలేదని, నిద్రపోయిందని. బస్సాయన తమ్ముడు వరండాలో ఆవిడ మీదికి చెయ్యెత్తాడు.

పెద్ద సిస్టర్ అంటే గొంతు గేటు దాకా వినపడే మనిషి. ఫోన్ తీసుకోవడానికి నా కొట్టుకొచ్చిన రోజు మాత్రం గొంతు లేదు. వదిన అప్పుడు అక్కడే ఉంది.

"రెండో అలారం మోగలేదమ్మాయ్," అంది సిస్టర్ వదినతో. "నా చెవులు నాకు తెలుసు."

"మోగి ఉంటుంది సిస్టర్," అంది వదిన. "ఆ లోపం సరిచేసింది నేనే. పూర్తయిందని నా కళ్ళతో చూశాను."

"నీ కళ్ళూ నా చెవులూ దెబ్బలాడుకుంటే నీ కళ్ళనే నమ్ముతారు. నీకు సంతకం ఉంది. నాకేముంది?"

సిస్టర్ వెళ్ళిపోయింది. ఎల్లుండి విచారణ. అందులో ఆవిడకి ఎదురు సాక్ష్యం మా వదిన సంతకమే.

ఇంటికొచ్చాక వదిన గిన్నెల మీద కోపం చూపించింది. "తన తప్పు నా మీదికి తోస్తోంది! నేను కట్టుబడి చేసిన పని!" అని ఒకటే రుసరుస. నేనూ ఎగదోశాను. "వదినా, నీ బిల్డులో తప్పు పట్టినవాడు ఇంకా పుట్టలేదు, పుట్టినా వాడికి ఇంకా మాటలు రాలేదు," అన్నాను. అన్న తన పెట్టెలో పానాలు సర్దుకుంటూ తలెత్తాడు.

"నువ్వు చూసింది పని అవడమా, అయిందని అది చెప్పడమా?"

"రెండూ ఒకటేగా!"

"లిఫ్టులో బల్బు నాలుగో అంతస్తు అంటుంది. తలుపు తీస్తే గోడ ఉంటుంది. నేను చాలాసార్లు చూశాను."

అంతే. మా అన్న ఒక నెలకి సరిపడా మాట్లాడేశాడు. వదిన చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. దాన్ని కింద పెట్టి అంది: "ఆ రోజు బిల్డు తొందరగా అయిపోయింది."

మామూలుగా అది మొదలుపెడితే వదిన చలికి గదిలో అటూ ఇటూ తిరిగేది, చేతులు రుద్దుకునేది, తాళాలాయనతో అద్దంలోంచి సైగలు చేసి నవ్వించేది. ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చునేలోపే పూర్తయిందని వచ్చింది. పెందలాడే ఇంటికి పోవచ్చని సంబరపడింది. ఎందుకని అడగలేదు. నాకూ గుర్తే, ఆ రోజు దారిలో జపం లేదు, పాట పాడింది.

మర్నాడు పొద్దున్నే వదిన లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నానికి ముందే బయటికొచ్చి నా కొట్టు ముందు బల్ల మీద కూలబడింది.

జరిగింది ఇది. మొన్న ఎండల్లో కరెంటు పనుల కోసం ఆ సర్వర్లన్నీ ఆపారు. మళ్ళీ వెలిగించేసరికి లోపలి గడియారం బ్యాటరీ చచ్చిపోయి ఉంది. బయటితో సంబంధం లేని మెషిన్‌కి ఈ రోజు తేదీ ఎవరు చెబుతారు? మనిషే టైపు చెయ్యాలి. ఫోను లేదు, చేతికి గడియారం కూడా ఒప్పుకోరు. వదిన అద్దంలోంచి తాళాలాయన గదిలో గోడ కేలండర్ చూసి కొట్టింది. తాళాలాయన తన సెలవులు ఎప్పుడొస్తాయోనని పై నెల కాగితం తిప్పి, తిరిగి వెనక్కి తిప్పడం మర్చిపోయాడు. అలా ఆ గది లోకంకన్నా ఒక నెల ముందుకెళ్ళిపోయింది. ఆ తప్పు తేదీలోనే వదిన పాత అలారం ప్రోగ్రాంని ఒకసారి బిల్డ్ చేసింది. తర్వాత తేదీ తప్పని గమనించి సరిచేసింది. నిజమే, సరిచేసింది. కానీ అప్పటికే వండిన ముక్కల మీద పై నెల తేదీ పడిపోయి ఉంది.

బిల్డ్ చేసే పనిముట్టు తెలివితక్కువది కాదు, బద్ధకస్తురాలు. వండినదాని తేదీ పచ్చిదాని తేదీకన్నా తర్వాతదైతే, "ఇది ఇప్పటికే వండేశాం కదా" అని ముట్టుకోదు. సరిదిద్దిన సోర్స్ వచ్చింది ఆ నెలలోనే. పాత వంట మీద పై నెల తేదీ. కాబట్టి సరిదిద్దిన సోర్స్ అలాగే పక్కన పడి ఉంది, పాత సరుకే డబ్బాలోకి ఎక్కింది. డబ్బా మీద చీటీ, అంటే ప్రోగ్రాం వెర్షన్ నంబరు, మాత్రం కొత్తది, ఎందుకంటే చీటీ వేరే చోటినుంచి వస్తుంది.

"ఎవరూ మోగించి చూడలేదా?" అన్నాను.

"ఒక్కొక్క అలారం మోగించి చూశాం. మోగింది. రెండూ కలిపి చూడలేదు." తల పట్టుకుంది. "సిస్టర్ చెవులు సరిగ్గానే విన్నాయిరా."

నాకు చతుర్లాడబుద్ధి కాలేదు. నాలాంటివాడికి అది జ్వరంతో సమానం.

నేరుగా మేనేజరు దగ్గరికెళ్ళింది. ఏ జల్లు పడ్డా ముందు తాను తడవకుండా చూసుకుంటాడు కాబట్టి ఆయన పేరు గొడుగు సారు. అంతా విని ఆయన తలుపేసి వచ్చాడట.

"వెళ్ళి శుభ్రంగా మళ్ళీ బిల్డ్ చేసెయ్యమ్మా. ఇంకెవరికీ చెప్పకు. పేషెంట్లు బాగుంటారు, నువ్వు బాగుంటావు."

"సిస్టర్ సంగతి?"

"ఆవిడ సంగతి విచారణ చూసుకుంటుంది."

"మళ్ళీ బిల్డ్ చేస్తే పాతది చెరిగిపోతుంది సార్. అప్పుడు ఆవిడ చెప్పింది నిజమని ఎవరూ చూపించలేరు."

"ఇప్పుడు మాత్రం ఏం చూపిస్తావు? ఆ గదిలోంచి కాగితం ముక్క రాదు. మొన్న చేశానన్నదీ నీ మాటే, ఇవాళ చెయ్యలేదన్నదీ నీ మాటే. దేన్ని నమ్మమంటావు?"

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా అయింది మా వదిన. ఇప్పుడే సరిచేస్తే సిస్టర్ జన్మంతా డ్యూటీలో నిద్రపోయిన మనిషిగా మిగిలిపోతుంది. ఆపితే ఆపినంతసేపూ ఐసీయూలో ప్రతి మంచానికీ ఒక చెవి మూసుకుపోయి ఉన్నట్టే. మళ్ళీ కొట్టుకొచ్చి ఇదంతా చెబితే, నాకైతే గొడుగు సారు చెప్పిందే బాగుందనిపించింది, అన్నాను కూడా.

"రేపణ్ణించి సిస్టర్ ఎదురుపడితే తల దించుకోవాల్సింది నువ్వు కాదుగా," అంది వదిన. ఆ మాటకి నా దగ్గర చతురు లేదు. తగలాల్సిన చోట తగిలింది.

గేటు దాటి తిన్నగా ఐసీయూకి వెళ్ళింది. నర్సులందరికీ విషయం చెప్పి, మంచానికో మనిషిని పక్కనే కూర్చోబెట్టించింది. "అలారం మాట నమ్మకండి, కళ్ళతో చూస్తూ ఉండండి," అంది. తర్వాత పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళింది. విచారణ చేసేది ఆవిడే. కాగితాలేవీ లేకుండా ఒక్కటే అడిగింది: ఖాళీ మంచం ఒకటి ఇప్పించండి, రెండు అలారాలూ కలిపి మోగిద్దాం, మీ చెవులతో మీరే వినండి. ఆ తర్వాతే నేను మళ్ళీ బిల్డ్ చేస్తాను.

డాక్టరమ్మ పెద్ద సిస్టర్‌కి కబురు పెట్టించింది. సిస్టర్ నా కొట్టు ముందు ఆటో దిగింది. నావైపు చూసి, "రా," అంది.

"నేనెందుకు సిస్టర్?"

"ఆక్సిజన్ క్లిప్పుకి వేలు కావాలి. ఈ ఆసుపత్రి జీతం తినేవాడి వేలు నాకొద్దు."

వైద్యశాస్త్రం కోసం వేలు అడ్డుపెట్టినవాళ్ళలో నేను మొదటివాణ్ణని ఆ రోజునుంచీ చెప్పుకుంటున్నాను. కాదని నిరూపించినవాడు లేడు. మంచం మీద పడుకున్నాను. వేలికి క్లిప్పు పెట్టారు. మందు పంపు గొట్టాన్ని నాకు కాకుండా పక్కన ఒక బేసిన్‌లో పెట్టారు. చుట్టూ డాక్టరమ్మ, గొడుగు సారు, నర్సులు. వదిన కాళ్ళ దగ్గర నిలబడింది. సిస్టర్ నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ రోజు తాను కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది.

"మందు ఇప్పుడు అయిపోతుంది," అంది ఒక నర్సు. "ఊఁ... ఇప్పుడే!"

నేను వేలు లాగేశాను.

బల్ల దగ్గర ఆక్సిజన్ అలారం కీచుమంది. సిస్టర్ దాన్ని ఆపింది.

తర్వాత ఏమీ లేదు. నా పక్కన పంపు మీద చిన్న ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. బేసిన్‌లో చుక్క పడటం ఆగిపోయింది. అందరం బల్ల వైపు చెవులు పెట్టి వింటున్నాం. బతికున్న మనిషి ఆ మంచం మీద అలా చూస్తూ పడుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలిసింది. దీపం అరుస్తోంది, లోకం వినడంలేదు.

"ఇంకోసారి," అంది డాక్టరమ్మ.

ఇంకోసారీ అంతే.

గొడుగు సారు తలుపు వైపు జరిగాడు. సిస్టర్ బల్ల మీద తల వాల్చేసింది. ఏడుస్తోందనుకుని ఒక నర్సు భుజం మీద చెయ్యి వేస్తే, విదిలించేసింది.

వదిన అక్కడినుంచే లోపలి గదికి వెళ్ళింది. పాత వంటలన్నీ ఊడ్చేసి, మొదటినుంచి మళ్ళీ బిల్డ్ చేసింది. ఇప్పటికి అదే చివరిసారి. సాయంకాలం నన్ను మళ్ళీ పడుకోబెట్టారు. ఈసారి రెండు అలారాలూ మోగాయి. చెవులు గింగుర్లెత్తేలా మోగాయి. ఒక్కరు కూడా సంతోషించలేదు. డాక్టరమ్మ, "సరే, ఆపండి," అంది. తాళాలాయన తలుపు దగ్గర ఇక లోపలికి రాకుండా వదిన మెడలోని కార్డు వెనక్కి తీసుకుంటూ, తన కేలండర్ గురించి ఏదో చెప్పబోయాడు.

"తిప్పింది మీరే కానీ, చూసి నమ్మింది నేను కదండీ," అంది వదిన.

విచారణలో సిస్టర్ తప్పు లేదని తేల్చారు. ఉద్యోగం తిరిగి ఇచ్చారు. వదిన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తేల్చలేదు. ప్రస్తుతానికి ఇంట్లో కూర్చోమన్నారు.

మళ్ళీ డ్యూటీలో చేరిన మొదటి రోజు సిస్టర్ ఫోన్ పెట్టడానికి వచ్చింది. వదిన కొట్టులోనే ఉంది, ఇంట్లో గోడలు చూడలేక. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కృతజ్ఞతలేమైనా కురుస్తాయేమోనని నేను పక్కకి జరిగాను.

"బస్సాయన ఇంటికి వెళ్ళావా?" అంది సిస్టర్.

"లేదు."

"నేను వెళ్ళాను. ఆయన భార్య తలుపు మొహాన వేసింది. నేను నిద్రపోయానని వాళ్ళు ఇంకా అనుకుంటున్నారు. ఆసుపత్రివాళ్ళు వాళ్ళకి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పరు కూడా. నా కుర్చీ నాకొచ్చింది. ఆ ఇంట్లో నేనింకా నిద్రపోతూనే ఉన్నాను."

వదిన లేచింది. చెప్పులు వేసుకుంది.

సిస్టర్ డ్యూటీ దిగాక ఇద్దర్నీ తీసుకెళ్ళాను. సిస్టర్ ఆటోలో, వదిన నా బండి మీద. సందు చివర మెట్ల మీద మేడగది. కింద గోడవారన బడి బస్సు నిలిపే చోటు ఖాళీగా ఉంది, నేల మీద నూనె మరకలు మాత్రం ఉన్నాయి. సిస్టర్ సందులోనే ఆగిపోయింది. వదిన మెట్లెక్కింది. నేను సగం మెట్ల దాకా వెళ్ళాను, ఎవరైనా చెయ్యెత్తితే అడ్డుపడదామని.

తలుపు తీసింది ఆయన భార్య. వెనక కుర్చీలో ఆయన, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"నేను ఆసుపత్రిలో ఆ అలారాల కంప్యూటర్ చూసేదాన్ని అక్కా," అంది వదిన. "సిస్టర్ నిద్రపోలేదు. అలారమే మోగలేదు. మోగేలా చెయ్యాల్సింది నేను. చేశాననుకున్నాను, చెయ్యలేదు. సరిగ్గా చూసుకోలేదు."

ఆవిడ చాలాసేపు వదిన మొహంలోకి చూసింది. కొడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సిస్టర్ని నేను అన్న మాటలు..." అని, ఆగి, "ఆవిడ ఇల్లెక్కడ?" అంది.

"కిందే ఉన్నారు."

ఆవిడ వదినని దాటుకుని గబగబా మెట్లు దిగింది, నన్ను కూడా దాటుకుని. సందులో సిస్టర్ చెయ్యి పట్టుకుంది. ఏమందో వినపడలేదు. ఇద్దరూ కలిసి పైకొచ్చారు. నేను గోడకి ఒత్తుకుని దారిచ్చాను. సిస్టర్ లోపలికి వెళ్ళింది. బస్సాయన లేవబోయి, ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుని తడబడితే, సిస్టర్ అలవాటుగా మోచెయ్యి కింద చెయ్యి పెట్టి నిలబెట్టింది.

తలుపు వెయ్యలేదు. వదినని లోపలికి రమ్మనీ అనలేదు. గుమ్మం బయట వదిన అలాగే నిలబడి ఉంది.

"పోదామా వదినా?" అన్నాను.

"ఉండు," అంది. "ఆయన ఇంకా ఏమీ అనలేదు."